తొంభై రోజులు విన్నంత మాత్రాన జపాన్ ఉద్యోగం రాదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. మొదట ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా పిన్ని పంపింది, నిన్న పొద్దున్న మా కాశీబుగ్గ వీధి గ్రూపులో కనిపించింది. "తెలుగు, జపనీస్ అక్కచెల్లెళ్ళు. జపాన్ శాస్త్రవేత్తల పద్ధతిలో రోజుకి అరగంట ఆడియో వింటే 90 రోజుల్లో జపనీస్ వచ్చేస్తుంది. నిద్రపోతూ విన్నా చాలు. లిపి అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. జపాన్‌లో ఉద్యోగం గ్యారంటీ. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి." పంపినవాళ్ళంతా నా మంచి కోరేవాళ్ళే. నేను జపనీస్ చదివానని, సాయంత్రాలు నలుగురు నర్సింగ్ పిల్లలకి చెబుతున్నానని తెలిసి పంపుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇదే జవాబు.

శాస్త్రవేత్తల సంగతి ముందు. ఈ ఆడియో కోర్సుల వెనకున్న పద్ధతిని 1967లో రాసింది పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్. కొత్త మాట చెప్పి, 5 సెకన్ల తర్వాత మళ్ళీ అడగాలి, 25 సెకన్లకి ఇంకోసారి, 2 నిమిషాలకి మరోసారి. అడిగిన ప్రతిసారీ మనం నోరు తెరిచి బదులివ్వాలి. నిద్రపోయే మనిషి బదులెలా ఇస్తాడు? ఆ పాయింటు అక్కడితో సరి.

అక్కచెల్లెళ్ళ సంగతీ అంతే. జపనీస్‌కి తమిళంతో చుట్టరికం ఉందని సుసుము ఓనో అనే జపాన్ పండితుడు వాదించాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. చుట్టరికం లేకపోయినా, జపనీస్ వినడానికి తెలుగువాళ్ళ చెవి నిజంగానే బాగా పనికొస్తుంది. క్రియ చివర్లో వస్తుంది. "అని అన్నాడు"లో మన "అని" ఎక్కడ ఉంటుందో వాళ్ళ "తొ" కూడా అక్కడే ఉంటుంది. "తిని వెళ్ళాడు" అన్నట్టే "తబెతె ఇత్త" అంటారు. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే మామ్మ. మనకి ఒక్క దీర్ఘం తేడా, విన్న వెంటనే పట్టేస్తాం. కితె కుదసాయ్ అంటే "రండి", కిత్తె కుదసాయ్ అంటే "కోయండి". ఇంగ్లీషు లిపిలో రాసుకుని నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తడబడతారు, మా పిల్లలకి ఒత్తు వినబడగానే తెలిసిపోయింది. వాళ్ళ "త్సు" పలకాలంటే "చుట్టం"లో మనం పలికే చ ఉండనే ఉంది. నేనూ ఆడియోతోనే మొదలుపెట్టాను. పలాసలో పాసింజర్ ఎక్కితే ఆమదాలవలసలో దిగేలోపు రెండు పాఠాలయ్యేవి. నాలుగు నెలలు అలాగే విన్నాను. ఈరోజుకీ నా ఉచ్చారణ బాగుందని ఎవరైనా అంటే అది ఆ పాఠాల పుణ్యమే.

అయితే ఆ నాలుగు నెలల్లో నాకు తెలియకుండా పోయినవీ ఉన్నాయి. "శ్రీకాకుళంలో ఉంటున్నాను" అంటే ఊరి పేరు తర్వాత "ని" రావాలి. "శ్రీకాకుళంలో పనిచేస్తున్నాను" అంటే "దె" రావాలి. మనకి రెండూ "లో"నే. ఆడియోలో రెండు వాక్యాలూ విన్నాను, రెండూ తిరిగి చెప్పాను, తేడా ఉందనే గమనించలేదు. పుస్తకంలో పక్కపక్కన చూశాకే బుర్రకెక్కింది.

ఇక లిపి అక్కర్లేదన్న మాట. జపనీస్‌లో ధ్వనుల్ని రాసే లిపులు రెండు: హిరగానా 46 అక్షరాలు, కతకానా 46. మన గుణింతాలు, ఒత్తులు నేర్చిన పిల్లలకి ఇవి నెల రోజుల పని. నేను "వ" అని విన్న విభక్తిని అక్కడ "హ" అక్షరంతో రాస్తారని చూసిన రోజు, అన్నాళ్ళు విన్నదాన్ని కాగితం మీద గుర్తుపట్టలేకపోయాను. ఆ పైన కంజీ ఉంది, అంటే ధ్వనికి కాక అర్థానికి ఒక్కో గుర్తు ఉండే లిపి. మా పిల్లలు వెళ్ళాలనుకునేది వృద్ధుల సంరక్షణ పనికి. అక్కడ మందుల కవరు మీద షొకుజెన్ అని ఉంటే తినక ముందు, షొకుగొ అని ఉంటే తిన్నాక. రెండు మాటల్లోనూ మొదటి కంజీ ఒకటే, రెండోది మారుతుంది. పక్కనుండి చదివి చెప్పే ఆడియో ఉండదు. చదవడం రాని చేతికి ఒక ముసలాయన మందులు ఎలా అప్పగిస్తారు?

నాకు అసలు కోపం తెప్పించింది "పరీక్ష అక్కర్లేదు, ఉద్యోగం గ్యారంటీ" అన్న ముక్క. జపాన్ 2019 ఏప్రిల్‌లో, పని నైపుణ్యం ఉన్న విదేశీయులకిచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మొదలుపెట్టింది. 2021 జనవరిలో మన దేశంతో దాని మీద ఒప్పందం చేసుకుంది. ఇక్కడి నుంచి నేరుగా ఆ వీసా మీద వెళ్ళాలంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాషా పరీక్ష గానీ పాసవ్వాలి. చేసే పనికి నైపుణ్య పరీక్ష వేరే. సంరక్షణ పనికైతే ఆ రంగం జపనీస్ మీద ఇంకో పరీక్ష. ఎన్4 కన్నా కిందిదైన ఎన్5 లెక్కే చూడండి. మొత్తం 180 మార్కులు, పాసవ్వడానికి 80 కావాలి. వినికిడికి 60. మిగతా 120 పదాలు, వ్యాకరణం, చదవడం. అందులో కనీసం 38 రావాలి. అంటే వినికిడిలో 60కి 60 తెచ్చుకున్నా, చదవడం రాకపోతే ఫెయిల్. ఈ లెక్క మెసేజ్ రాసినవాళ్ళకి తెలియదా? తెలిసే రాశారు. రాసింది డబ్బు కోసం.

ఆ డబ్బు ఎవరిదో కూడా చూశాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఒకామె, చెవిదిద్దులు తాకట్టు పెట్టి కూతురి పేరున ఫీజు కట్టింది. మూడు నెలలయ్యాక కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. జీడి రసానికి నల్లబడిన వేళ్ళతో ఫోన్ తెరిచి ఆ మెసేజ్ చూపించింది. "తొంభై రోజులూ అయిపోనాయమ్మా. ఇంకేటి సెయ్యాల?" అని అడిగింది. ఆ పిల్ల ఒక్క రోజు కూడా మానకుండా విన్నది. పలకరింపులు, బజారు మాటలు చక్కగా చెప్పింది. కాగితం మీద ఒక్క అక్షరం చదవలేకపోయింది. ఫీజు తీసుకున్న నంబరు పనిచేయడం లేదు.

గ్యారంటీ అంటూ ఎవరైనా వస్తే ముందు వాళ్ళ లైసెన్సు అడగండి. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంటుకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. వాళ్ళు తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. పాఠాలకైతే డబ్బు కట్టాల్సిన పనే లేదు. ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో ఈజీ జపనీస్ ఆడియో పాఠాలు ఉచితం. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి పుస్తకం, దాని ఆడియోతో సహా ఉచితం. ఆ రెండోది వినండి, వింటూ పేజీ చూడండి, చూసింది రాయండి.

ఆ అమ్మాయి ఇప్పుడు మా ఇంటికే వస్తోంది. మిగతా పిల్లలు వాక్యం రెండుసార్లు వినిపించమని అడుగుతారు, ఈ పిల్ల ఒక్కసారికే పట్టేస్తుంది. విని విని ఆ చెవి అలా తయారైంది, కాదనను. హిరగానా మూడు వారాల్లో అయింది. నిన్న షొకుజెన్, షొకుగొ కవర్లు కలిపేసి ముందు పెడితే, రెండో అక్షరం మీద వేలు పెట్టి కాసేపు ఆగింది, తర్వాత సరిగ్గా విడదీసింది. వాళ్ళమ్మ దిద్దులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.