సవరణ: పెంటియం జీ4400, జీ4560 ఒకటి కాదు

బెంగళూరులో కంప్యూటర్ పార్టులు అమ్మే ఎస్పీ రోడ్‌లో సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ల గురించి మొన్న పెట్టిన పోస్ట్‌లో, ఇంటెల్ ప్రాసెసర్లు పెంటియం జీ4400, జీ4560 రెండూ డ్యూయల్ కోరే కాబట్టి ఏది చవగ్గా దొరికితే అది తీసుకోండి అని ఉంది కదా, ఆ లైన్ తీసేశాను. కోర్లు రెండే గానీ 4560లో హైపర్ థ్రెడింగ్ ఉంది, అంటే ఒక్కో కోర్ ఒకేసారి రెండు పనుల వరసలు (థ్రెడ్లు) నడుపుతుంది, మొత్తం నాలుగు థ్రెడ్లు, 4400లో రెండే. క్లాక్ స్పీడ్ 4400ది 3.3, 4560ది 3.5 గిగాహెర్ట్జ్, అదేం పెద్ద తేడా కాదు. ఆన్‌లైన్ క్లాస్ నడుస్తుండగా బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అసలు తేడా అక్కడ తెలుస్తుంది. పిల్లల చదువుకి కొనేవాళ్ళు కొంచెం ఎక్కువైనా 4560కే వెళ్ళండి.

ఇంకోటి, సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే అయినా 4560 వచ్చింది 2017లో, అంతకుముందు తయారైన హెచ్110 రకం మదర్‌బోర్డైతే బయాస్ (బోర్డును స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయనిదే డిస్‌ప్లే రాదు, 4400కి ఆ బాధ లేదు, అందుకే బోర్డు వెంట తీసుకెళ్ళి షాపులోనే పెట్టించి, ఆన్ అయ్యాకే డబ్బులివ్వండి.