జానీ బ్రైట్ ఆట ఆ దెబ్బతో ముగియలేదు

జానీ బ్రైట్ ఫోటోల వెంట ఒక కథ తిరుగుతూ ఉంటుంది. 1951లో మైదానంలో అనుకోకుండా తగిలిన దెబ్బకు దవడ విరిగిందట, ఆ నల్లజాతి ఆటగాడి అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట) జీవితం అక్కడితో సరి అట, అమెరికాలో ఎవరూ తీసుకోకపోతే కెనడా చేరాడట. గుండె తరుక్కుపోయే కథే. కాకపోతే అందులో నిజం దవడ విరగడం, కెనడా చేరడం వరకే.

‘అనుకోకుండా’ అన్న మాట సంగతి ముందు చూద్దాం. ఆ ఏడాది అక్టోబర్ 20న ఓక్లహోమా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్‌లో బ్రైట్ ఆడే డ్రేక్ విశ్వవిద్యాలయానికీ ఓక్లహోమా ఎ అండ్ ఎం కళాశాలకూ పోటీ. బ్రైట్‌ను దెబ్బతీస్తారన్న పుకారు ముందే ఉంది. అందుకే డెమోయిన్ రిజిస్టర్ అనే పత్రిక ఫోటోగ్రాఫర్లు రాబిన్సన్, అల్టాంగ్ కెమెరాను ఆయన మీదే ఉంచారు. వేళకు ఫిల్మ్ పత్రికకు చేర్చాలి కాబట్టి మొదటి క్వార్టర్ (ఆటలో మొదటి పావు భాగం) దాకానే ఉండగలిగారు. ఆ కాస్త సమయమే సరిపోయింది. ఆ ఫోటోలను వరుసగా చూడండి. బ్రైట్ బంతిని సహచరుడికి అందించేశాడు. ఆట అటు మళ్లింది. ఖాళీ చేతులతో ఉన్న మనిషి మీదికి ఓక్లహోమా జట్టు ఆటగాడు విల్‌బ్యాంక్స్ స్మిత్ దూసుకొచ్చి ముఖాన కొట్టాడు. ఆ రోజుల్లో హెల్మెట్‌కు ముఖం ముందు కడ్డీలు కూడా లేవు. బంతి లేనివాడిని కొట్టడాన్ని ఆటలో భాగమనడానికి నాకైతే నోరు రాదు. ఆ ఫోటోలకు 1952లో అమెరికా పత్రికారంగ పురస్కారం పులిట్జర్ వచ్చింది.

జీవితం ముగిసిందా? విరిగిన దవడతోనే ఆయన విసిరిన బంతి 61 గజాల టచ్‌డౌన్ (ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తేవడం) అయింది. ఆ తర్వాత కెనడాలో 13 సీజన్లు, 10,909 గజాల పరుగు. 1964లో ఆట మానేనాటికి అక్కడ అంతకు మించి పరుగెత్తినవాడు లేడు. 1954, 55, 56ల్లో కెనడా ఫుట్‌బాల్ విజేతకిచ్చే గ్రే కప్‌ను వరుసగా గెలిచిన ఎడ్మంటన్ జట్టులో ఆయన ఉన్నాడు. 1959లో కెనడా లీగ్ అత్యుత్తమ ఆటగాడు.

ఎవరూ తీసుకోలేదన్నది శుద్ధ అబద్ధం. 1952 డ్రాఫ్ట్‌లో, అంటే వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, అమెరికా జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆయన్ను మొదటి రౌండులోనే ఎంచుకుంది. వద్దన్నది ఆయనే. ఆ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు తానే అయ్యేవాడినని, అమెరికా దక్షిణాది ఆటగాళ్లు తనతో ఎలా మెలుగుతారో తెలియదని తర్వాత చెప్పాడు. స్టిల్‌వాటర్ చూసినవాడికి ఆ జంకు ఉండదా? ఆ దెబ్బ ఆయన దారి మళ్లించలేదని నేనూ అనను.

క్షమాపణ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఓక్లహోమా స్టేట్‌గా పేరు మారిన ఆ విద్యాసంస్థ 2005లో క్షమాపణ లేఖ రాసింది. అది చేరింది డ్రేక్ అధ్యక్షుడికి. ఎడ్మంటన్‌లో స్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బ్రైట్ 1983లోనే చనిపోయాడు.