జెర్రిపోతును జీతాల పట్టీలో ఎక్కించండి

కోనసీమలో కొబ్బరితోట మధ్య రిసార్టు పెట్టిన ప్రతి యజమాని బ్రోషరులో మొదట అచ్చు వేయించే మాట ‘ప్రకృతి ఒడిలో’. ఆ ఒడిలో ఇంకా ఎవరెవరు పడుకుంటారో మాత్రం అందులో ఉండదు. పొద్దున తొమ్మిదింటికి నాలుగో నంబరు కాటేజీ బాత్‌రూమ్‌లో ఆరడుగుల ప్రకృతి చుట్ట చుట్టుకుని దర్శనమిస్తుంది. అతిథి రిసెప్షనుకు, రిసెప్షను తోటమాలికి కబురు పెడతారు. ‘పామాండీ?’ ‘ఆయ్, పామేనండి.’ అయిదు నిమిషాల్లో కర్ర దిగుతుంది. సంస్థలో అందరికంటే సీనియరు ఉద్యోగి విధి నిర్వహణలో అమరుడవుతాడు. సంతాప సభ ఉండదు.

ఆ ఉద్యోగి జెర్రిపోతు. విషం బొత్తిగా లేదు. పడగ లేదు, కళ్లు పెద్దవి, పెదవుల మీద నిలువు నల్లగీతలుంటాయి. పొడవు చూసి తాచు అనుకుంటారు, అదొక్కటే దాని నేరం. డ్యూటీ పగటిపూట, ఎలుకలు, కప్పలు దాని శాఖ. రాత్రి షిఫ్టు గుడ్లగూబది. గోడ మీద బల్లి దోమల విభాగం చూస్తుంది. వీళ్లలో ఒక్కరికీ పి.ఎఫ్. లేదు, పండగ బోనసు అసలే లేదు.

వీళ్లు చేసే పనికే బయట కంపెనీకి నెలనెలా చెక్కు వెళ్తుంది. కంపెనీ కుర్రాడు వచ్చి నీలం రంగు ఎలుకల మందు బిళ్లలు పెట్టి వెళ్తాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందది. తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. తూలే ఎలుక గుడ్లగూబకు తేలిగ్గా దొరుకుతుంది, మందు దాని ఒంట్లోకీ చేరుతుంది. మిగిలిన ఎలుక సరిగ్గా హనీమూన్ కాటేజీ తాటాకు కప్పులోకి వెళ్లి ప్రాణం విడుస్తుంది. ఆ వాసనకు గదిలో చల్లే అగరు సెంటు చాలదు. ఎలుకలు పట్టేవాళ్లను చంపుకుని ఎలుకల కోసం బడ్జెట్ పెంచడాన్ని యాజమాన్య శాస్త్రంలో ఏమంటారో పెద్దలు చెప్పాలి.

అసలు పాము ఎందుకొచ్చింది? వాకిట్లో తెల్లటి లైట్లు వేశాం. వాటికి పురుగులు వచ్చాయి, పురుగులకు కప్పలు వచ్చాయి, కప్పల కోసం పాము వచ్చింది. కప్పలకు కష్టంగా ఉంటుందేమోనని ఫొటోల కోసం కలువల కొలను కూడా తవ్వించాం. వంటింటి వెనక మిగిలిన బిర్యానీ గోతిలో పోసి, ఆ పక్కనే కొబ్బరి డొక్కలూ మట్టలూ రాశి పోశాం. తిండీ మేడా ఒక్కచోటే. బుకింగ్ యాపుల్లో కూడా ఇంత మంచి ప్యాకేజీ దొరకదు.

వచ్చాక నివారణ మొదలవుతుంది. కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి రసం, బ్లీచింగ్ పౌడరు గీత. ఆ గీత దాటి పాము రాదని నమ్మకం. రామాయణం విన్న జాతి కదా, గీతల మీద మనకు గురి ఎక్కువ. పాము మాత్రం గీత పక్క నుంచి వెళ్తుంది, ఒక్కోసారి గీత మీద నుంచే వెళ్తుంది.

పనిచేసేవి చవకగా ఉంటాయి, అందుకే ఇండెంటులో కనిపించవు. తలుపు కింద చిటికెన వేలు దూరే సందుంటే కట్లపాము పిల్లకు అది సింహద్వారం. రబ్బరు పట్టీ గానీ బ్రష్ పట్టీ గానీ బిగించాలి. బాత్‌రూమ్ నీళ్లు పోయే గొట్టానికీ, ఏసీ పైపు కోసం గోడకు పెట్టిన కన్నానికీ సన్నకన్ను ఇనప జల్లెడ కట్టాలి. తెల్ల బల్బుల చోట పసుపు కాంతివి పెడితే పురుగులు తగ్గుతాయి. డొక్కల రాశి గదులకు దూరంగా, నేలకు అంటకుండా దిమ్మ మీద ఉండాలి. దాన్ని కదిపేటప్పుడు ముందు కర్రతో తట్టాలి, చెయ్యి తర్వాత పెట్టాలి. గోదారికి ఎర్రనీరు వచ్చి లంకలు మునిగే జూలై, ఆగస్టుల్లో ఈ జాగ్రత్తలు రెట్టింపు కావాలి. మట్టి తోలి మెరక చేసిన రిసార్టు ఆ చుట్టుపక్కలకు హిమాలయం; ఈదగలిగిన ప్రతి జీవీ అక్కడికే చేరుతుంది, ఆఫ్ సీజన్ డిస్కౌంటు కూడా అడగదు.

ఇప్పటికే లోపల ఉంటే అతిథిని బయటికి తెచ్చి, తలుపు వేసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కి, అటవీ శాఖకో శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లకో ఫోను చెయ్యాలి. కిటికీలోంచి ఒకరు కనిపెట్టి ఉండాలి. ఎందుకంటే పామును చూసిన గది కంటే, చూసిన పాము మళ్లీ కనపడని గది ఎక్కువ భయపెడుతుంది. వీడియో తీసేవాళ్లను ముందు బయటికి పంపాలి, పాము సంగతి తర్వాత.

ఇక్కడ కాస్త వ్యంగ్యం పక్కన పెట్టాలి. అతిథికి నేలకు రెండడుగుల ఎత్తున మంచం ఉంటుంది. వంటవాడూ హౌస్‌కీపింగ్ కుర్రాడూ స్టోర్‌రూమ్ పక్కన నేల మీద చాప పరుచుకుంటారు. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నిద్రలో పొర్లినప్పుడు కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, దోమ అనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. మంచమూ, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరా ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. రెండిటి ఖరీదు ఒక కాటేజీ ఒక్క రాత్రి అద్దెను మించదు. కాటు పడితే దాని పైన బిగించి కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, చెయ్యో కాలో విరిగితే బద్ద కట్టినట్టు కదలకుండా ఉంచి, 108కి ఫోను చెయ్యాలి. పామును చంపి ఆసుపత్రికి మోసుకెళ్లక్కర్లేదు. మన దగ్గర వాడే విరుగుడు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగిటికీ ఒక్కటే.

వ్యంగ్యంలోకి మళ్లీ వద్దాం, చట్టం దగ్గరికి వచ్చాం కాబట్టి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు తాచుకూ జెర్రిపోతుకూ మొదటి షెడ్యూలులోకి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోకి, ప్రమోషన్ వచ్చింది. ఆ హోదాలో ఉన్నవాళ్లను కొడితే శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. కర్ర పట్టుకున్న తోటమాలికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. కార్తీకంలో నాగుల చవితినాడు అదే తోటలో పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి దండం పెడతారు. పాము పాలు తాగదు, చలిమిడి ముట్టదు. మనం కర్ర పక్కన పెట్టిన ఆ ఒక్క రోజే దానికి నైవేద్యం.

పిల్లుల సంగతి ఇంకో రకం. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దివాన్‌చెరువు దగ్గర చిరుత తిరిగిన దగ్గర్నుంచీ చెరువు గట్టున మచ్చలున్న ప్రతిదీ చిరుతపిల్లే. నిజానికి అది చేపలు పట్టే బావురుపిల్లి కావచ్చు; 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం మడ అడవులు దాని పుట్టిల్లు. పొట్టి కాళ్లు, పొట్టి తోక, నీళ్లంటే భయం లేదు. మనిషిని చూస్తే తనే తప్పుకుంటుంది. అయినా వాట్సాప్‌లో దానికి ప్రతి ఫార్వర్డుకూ ఒక అడుగు పొడవు పెరుగుతుంది.

కాబట్టి ప్రతిపాదన ఇది: జెర్రిపోతును జీతాల పట్టీలో ఎక్కించాలి. యూనిఫారం ఖర్చు లేదు, తనదే తను మార్చుకుంటుంది. హాజరు సంతకం ఎలా అని అకౌంటెంటుకు అనుమానం రావచ్చు. స్టోర్‌రూమ్‌లో డొక్కల వెనక తల నుంచి తోక దాకా చిరగని కుబుసం ఒకటి వదిలి వెళ్తుంది, ఫైలు చేసుకోవచ్చు. మేనేజరు గారు దాన్ని చూసి చేసే మొదటి పని తెలిసిందే: కార్బాలిక్ యాసిడ్‌కు ఇండెంటు పెడతారు.