పెట్టె ఇంటింటికీ చేరింది, ఆటలు గడప దాటలేదు

2009 మార్చిలో సెగా సంస్థ అమెరికాలో మ్యాడ్‌వరల్డ్ అనే వీడియో గేమ్‌ను విడుదల చేసింది. తెర అంతా నలుపు తెలుపు, నెత్తురు మాత్రం ఎర్రన. విమర్శకులు బాగా మెచ్చుకున్నారు. అది నడిచేది జపాన్ సంస్థ నింటెండో వారి ‘వీ’ కన్సోల్‌పైన, అంటే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టెపైన మాత్రమే. అదే నెలలో ఆ కన్సోల్ అమ్మకాలు ప్రపంచమంతటా 5 కోట్లు దాటాయి. మ్యాడ్‌వరల్డ్ మాత్రం తొలి నెలలో అమెరికాలో 66 వేల ప్రతుల దగ్గరే ఆగిపోయింది.

ఇలాంటి ఉదంతం బయటపడిన ప్రతిసారీ ఆటల పరిశ్రమ పెద్దలు ఒకే మాట అన్నారు: ‘వీ కొన్నవాళ్లు అసలు ఆటగాళ్లు కారు. ఏదో సరదాకు కొన్నారు. పెట్టెతో పాటు వచ్చిన ఆట ఆడుకుని అటక ఎక్కించేస్తారు. వాళ్లకు మంచి ఆటలు ఎక్కవు.’ ఈ మాటను మేము అంగీకరించలేము. సరుకు అమ్ముడుపోకపోతే కొనేవాడి అభిరుచిని తప్పు పట్టడం ఏ వ్యాపారానికైనా అన్యాయమే. లెక్కలు కూడా ఆ మాటకు సాక్ష్యం చెప్పడం లేదు.

వీ కన్సోల్ మొత్తం 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైంది. దానిపై ఆడే ఆటలు సుమారు 92 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి. అంటే సగటున పెట్టెకు తొమ్మిది. పెట్టెతో కలిపి ఇచ్చిన ఆటను తీసేసినా ఎనిమిది మిగులుతాయి. ఇంట్లో ఎనిమిది ఆటలు కొన్న కుటుంబాన్ని ‘ఒక్క ఆటతో సరిపెట్టుకున్నారు’ అనడం ఎలా చెల్లుతుంది?

ఆ కుటుంబం ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. 2006 నవంబరులో వీ అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని ధర 250 డాలర్లు. అదే నెలలో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3 చౌకరకం ధరే 500 డాలర్లు. పదహారు మీటలున్న కంట్రోలర్‌ను చూసి జంకే మనిషి చేతికి నింటెండో ఒక తెల్లని రిమోట్ ఇచ్చి, ‘ఊపండి చాలు’ అంది. అందరూ ఊపారు. కూతురి పురుటికని అమెరికా వెళ్లిన తెలుగు తల్లులు కూడా, చలికి బయట అడుగు పెట్టలేని సాయంత్రాల్లో, కొంగు నడుముకు దోపుకొని టీవీ ముందు బౌలింగ్ బంతి విసిరారు. ఆ ఉత్సాహంలో రిమోట్లు చేజారి టీవీలకు తగులుతున్నాయని ఫిర్యాదులు వస్తే, కన్సోల్ వచ్చిన నెల తిరగకుండానే 32 లక్షల మణికట్టు తాళ్లను మార్చి ఇస్తామని నింటెండో ప్రకటించాల్సి వచ్చింది. ఇంత ఇష్టంగా ఆడినవారిని ఆటగాళ్లు కారనడం మాకు బాధ కలిగిస్తుంది.

మరి నింటెండో పెట్టె కోసం ఆటలు చేసిన బయటి తయారీదారులు ఎందుకు దెబ్బతిన్నారు? మా దృష్టిలో మొదటి కారణం పెట్టె యజమానే పెద్ద పోటీదారు కావడం. వీపై అత్యధికంగా అమ్ముడైన ఏడు ఆటలూ నింటెండో సొంతవే. వాటి జాబితా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 8 కోట్ల 29 లక్షల ప్రతుల వీ స్పోర్ట్స్ జపాన్ బయట చాలాచోట్ల కన్సోల్‌తోనే వచ్చింది. వీ ప్లే అదనపు రిమోట్‌తో వచ్చింది. వీ ఫిట్ కాళ్ల కింద వేసుకునే బ్యాలెన్స్ బోర్డుతో, మారియో కార్ట్ చేత పట్టుకునే స్టీరింగు చక్రంతో, వీ స్పోర్ట్స్ రిసార్ట్ రిమోట్ కదలికను ఇంకా కచ్చితంగా పసిగట్టే మోషన్ ప్లస్ పరికరంతో వచ్చాయి. ఇంట్లో నలుగురు ఉంటే రెండో రిమోట్ ఎలాగూ కావాలి. కొత్త పరికరం వచ్చినప్పుడల్లా దాని వెంటే నింటెండో ఆట ఇంట్లో అడుగు పెట్టింది. ఆడే పరికరాన్నీ ఆటనూ ఒకే చూరు కింద, ఒకదాని కోసం ఒకటిగా తయారు చేసుకోగల వెసులుబాటు ఆ సంస్థకు తప్ప ఎవరికుంది? బయటివారు అదే పరికరాన్ని తర్వాత చేతిలోకి తీసుకుని, ప్రతి డిస్కుకూ నింటెండోకు రుసుము కట్టి, అదే అరలో అదే నింటెండో పక్కన నిలబడాలి.

అయితే బయటి సంస్థల చేతులు శుభ్రంగా ఉన్నాయని మేము అనడం లేదు. వీ ఆటల డబ్బాలు దాదాపు అన్నీ తెల్లవి. పిల్లవాడి పుట్టినరోజుకని దుకాణానికి వెళ్లిన తల్లి ఎదుట గోడ నిండా తెల్ల డబ్బాలు. ఇరవై చిన్న ఆటలు ఒకే డిస్కులో, యాభై ఆటలు ఒకే డిస్కులో, పార్టీ ఆటలు, గుర్రప్పిల్లల ఆటలు, పేరు కాస్త మార్చిన క్రీడల ఆటలు. వాటిలో చాలా భాగం నెలల్లో చుట్టిపెట్టిన నాసిరకం సరుకు. వీ స్పోర్ట్స్ గిరాకీ చూసి చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నవారే ఎక్కువ. ఆ తల్లి ఆటల పత్రికలు చదవదు, సమీక్షలు వెతకదు. ఒకసారి ఇరవై డాలర్లు పోగొట్టుకున్నాక రెండోసారి ఆమె చేయి తనకు తెలిసిన బొమ్మ మీదికే వెళ్తుంది. ఎర్ర టోపీ, మీసాలు ఉన్న నింటెండో వారి మారియో బొమ్మ అది.

ఈ ప్రమాదం నింటెండోకు తెలియనిది కాదు. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల మార్కెట్ కుప్పకూలడానికి ఒక ప్రధాన కారణం ఇలాంటి చెత్త వరదే. ఆ శిథిలాల మీదే నింటెండో అక్కడ తన తొలి కన్సోల్ అమ్మింది. అప్పుడు డబ్బాపై నాణ్యతా ముద్ర వేసింది, ఒక్కో బయటి సంస్థ ఏడాదికి ఐదు ఆటలు మించి తేకూడదని కట్టడి చేసింది. ఆ కట్టడిలో పెత్తనం పాలు లేకపోలేదు. కానీ వీ నాటికి ఆ కాపలా సడలిపోయింది. అర నిండింది, నమ్మకం సడలింది. మంచి ఆట చేసినవాడు చెత్త ఆట చేసినవాడి పాపాన్ని మోశాడు. క్యాప్‌కామ్ 2007లో తెచ్చిన జాక్ అండ్ వికీ రిమోట్‌ను తాళంచెవిగా, రంపంగా, గంటగా మార్చి పిల్లా పెద్దా కలిసి చిక్కుముళ్లు విప్పేలా చేసిన చక్కని ఆట. నెత్తురు లేదు, బూతు లేదు. కుటుంబాల కోసమే పుట్టిన అలాంటి ఆట కూడా కుటుంబాలకు కనిపించకుండానే పోయింది. మ్యాడ్‌వరల్డ్ ఓటమికి హింసే కారణమనుకునేవారు దీనికేం జవాబు చెబుతారు?

యంత్రం బలహీనత కూడా తన వంతు చేసింది. పోటీ కన్సోళ్లయిన ప్లేస్టేషన్ 3, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360లలో 512 మెగాబైట్ల మెమరీ ఉంటే వీలో 88. ఆ రెంటికీ కలిపి ఒకే ఆట తయారు చేసుకునే సంస్థ, వీ కోసం మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. చాలా సంస్థలు ఆ పనిని తమ రెండో శ్రేణి బృందాలకు, బయటి కాంట్రాక్టు స్టూడియోలకు అప్పజెప్పాయి. మంచి వంట అటు, మిగిలిన కూర ఇటు. ఇంటివారు ఆ తేడా పట్టలేరనుకోవడంలోనే అసలు చిన్నచూపు ఉంది.

ఆ ఇళ్ల నాడి పట్టుకున్నవారు లేకపోలేదు. 2009 నవంబరులో యూబీసాఫ్ట్ అనే బయటి సంస్థ తెచ్చిన జస్ట్ డ్యాన్స్‌కు విమర్శకులు సగం మార్కులు కూడా వేయలేదు. తెరపై బొమ్మను చూస్తూ దాని వెంట చిందెయ్యడమే ఆట. అయినా లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి, ఏటా కొత్త భాగం వచ్చింది. హాల్లో సోఫా జరిపి నలుగురూ కలిసి నవ్వుకునే పది నిమిషాలు ఆ ఇంటికి కావాలని యూబీసాఫ్ట్ గ్రహించింది. పక్కింటివాళ్లు ఆడుతుంటే చూసి కొన్నారు. ఆ మార్కెట్‌కు పత్రికా సమీక్ష చేరదు, పక్కింటి హాలు చేరుతుంది. హైదరాబాద్‌లో ఫోన్ ఆటలు తయారు చేస్తున్న చిన్న బృందాలకు కూడా రేపు ఎదురయ్యేది ఇదే కొనుగోలుదారు. ఆమెను తక్కువ చేసి చూడవద్దని వారిని కోరుతున్నాం.

ఆ కొనుగోలుదారు మీద నమ్మకం పోయిన సంస్థలు చివరికి పెట్టె మీదే నమ్మకం పోగొట్టుకున్నాయి. వీ తర్వాత నింటెండో 2012లో తెచ్చిన వీ యూ కొత్త కన్సోలో, పాతదానికి అదనపు పరికరమో చాలామందికి అర్థం కాలేదు. మొత్తం అమ్మకాలు 1 కోటి 35 లక్షలే. దాని కోసమే తయారైన రేమన్ లెజెండ్స్‌ను యూబీసాఫ్ట్ 2013 ఫిబ్రవరి విడుదలకు కొద్దిరోజుల ముందు ఆపేసి, మిగతా కన్సోళ్లకూ సిద్ధం చేసి అమెరికాలో సెప్టెంబరులో తెచ్చింది. అప్పటికి వీ ఆడిన ఇళ్ల సరదా చాలా మటుకు చేతిలోని ఫోన్‌కు మళ్లింది.

అన్నిటికంటే మాకు మనసుకు తగిలేది చిన్నవారి కథ. 2008లో నింటెండో వీవేర్ పేరుతో ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. డిస్కు అచ్చు వేయించే స్తోమత లేనివారికి అది నిజంగా మంచి ద్వారమే. ఇద్దరు కలిసి పెట్టిన చిన్న సంస్థ తెచ్చిన వరల్డ్ ఆఫ్ గూ అక్కడ పేరూ డబ్బూ తెచ్చుకుంది. కానీ ఆట 40 మెగాబైట్లు దాటకూడదన్నారు. నిర్ణీత సంఖ్యలో ప్రతులు అమ్ముడయ్యే దాకా తయారీదారుకు పైసా ఇవ్వబోమన్నారు. సూపర్ మీట్ బాయ్ అనే ఆట ఆ 40లో ఇమడలేక వెనుదిరిగింది. ఇమిడి, ఓపిక పట్టి, ఆ లెక్క చేరుకోకుండానే ఉండిపోయిన ఆటలూ ఉన్నాయి. 2019 జనవరి 30న ఆ దుకాణం మూతపడింది. డిస్కు రూపం లేక, మరే కన్సోల్‌కూ వెళ్లలేక అక్కడే మిగిలిపోయిన ఆటలను ఇప్పుడు ఎవరైనా డబ్బిచ్చి కొందామన్నా కొనే చోటు లేదు.