హాయ్ ఫ్యామిలీ, గంట కొట్టారా?

మా అక్క కొడుక్కి 11,400 మంది కుటుంబ సభ్యులున్నారు. బాబాయిలు, పిన్నమ్మలు, మేనమామలు కలిపి మేమొక పాతికమంది ఉంటాం గానీ మమ్మల్ని ఆ లెక్కలో కలపలేదు. అదీ న్యాయమే. మాలో సగం మంది వాడి యూట్యూబ్ చానల్‌కి గంట కొట్టలేదు.

పొద్దున్నే దుప్పటి తియ్యకముందే ఫోన్ ముఖానికి ఎదురుగా పెట్టుకుని "హాయ్ ఫ్యామిలీ!" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోంచి మా అక్క "ఏం నాయనా" అని పలికింది. "నిన్ను కాదుమా" అన్నాడు వాడు. ఆ తర్వాత ఆమె ఆ మాటకు పలకడం మానేసింది.

తప్పంతా వాడిదే అనను. కర్నూల్లో ఒక హోటల్ హాల్లో రెండు రోజుల క్లాసుకు 2,999 రూపాయలు కట్టి మరీ నేర్చుకొచ్చాడు. నమ్మకమైన ప్రేక్షకుల్ని ఎట్లా తయారు చేసుకోవాలన్నది సబ్జెక్టు. నోట్‌బుక్ చూపించాడు. చూసేవాళ్లను కుటుంబం అని పిలవాలి. చివర తప్పకుండా ఒక ప్రశ్న అడగాలి. వెయ్యిమంది వీరాభిమానులు దొరికితే జీవితం సెటిల్. ఈ వెయ్యి లెక్క 2008లో కెవిన్ కెల్లీ అనే అమెరికా ఆయన రాసిన వ్యాసంలోది. ఏడాదికి తలా వంద డాలర్లు మిగిలేలా నీ సరుకు కొనేవాళ్లు వెయ్యిమంది ఉంటే కళాకారుడు బతికిపోతాడని ఆయన లెక్క. అందులో 'సరుకు' అనే మాట ఒకటుంది. క్లాసులో ఆ పేజీ చిరిగిపోయినట్టుంది.

ప్రశ్న అడగాలన్న పాఠం మాత్రం వాడికి రక్తంలోకి పోయింది. మొన్న ఆదివారం వాళ్లింట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేట్లు వచ్చాయి, చేతులు లేచాయి, "ఆగండి!" అన్నాడు. పుట్నాలపొడి పైనుంచి ఒకసారి చల్లాడు. అది కెమెరాలో పడలేదని రెండోసారి చల్లాడు. బజ్జీని విరిచి, ఆవిరి కనిపించలేదని ఇంకోటి విరిచాడు, అదీ కుదరలేదని మూడోది. నాలుగోది మా బావది. ఆయన ప్లేటు ఒళ్లోకి లాక్కున్నాడు. మావాడు అదేమీ పట్టనట్టు కెమెరా వైపు తిరిగి, "ఉగ్గానిని మీ ఇంట్లో ఎలా తింటారు ఫ్యామిలీ?" అని అడిగాడు. "చల్లారకముందు తింటార్రా" అన్నాడు మా బావ. ఆ ఒక్క మాటా ఎడిటింగ్‌లో పోయింది. ఆ వీడియోలో పనికొచ్చే సమాచారం అదొక్కటే.

ఇక గంటల కథ. యూట్యూబ్ ప్రకటనల డబ్బు ఇవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం చూసిన 4,000 గంటలు ఉండాలి. షార్ట్స్ మీద రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్. మావాడికి జనం ఉన్నారు, గంటలు లేవు. 11,400 మంది కుటుంబం, ఒక్కడూ కూర్చుని చూడడు! పెళ్లికొచ్చిన చుట్టాల దగ్గర పన్నెండు ఫోన్లు పోగేసి, సౌండ్ తీసేసి, రాత్రంతా తన వీడియోలే ఆడించాడు. ఎనిమిది గంటల చొప్పున రాత్రికి 96. ఇట్లా 41 రోజులు చేస్తే 3,936 అవుతుందట. అయ్యప్ప మాలకైనా అంత నిష్ఠ చూడలేదు నేను. దీక్ష మొదటి రాత్రే ముగిసింది, తెల్లారి చుట్టాలు ఊరెళ్లిపోయారు. ఆ ఒక్క రాత్రి గంటల్ని కూడా యూట్యూబ్ దొంగ లెక్కని కొట్టేసింది.

తొలకరికి వాడికి పండగ. వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు బయటపడతాయని జనం పిల్లాజెల్లాతో దిగుతారు. మావాడు వజ్రాల్ని వెతకడు, వెతికేవాళ్లను వెతుకుతాడు. గులకరాయి చుట్టూ ఎర్ర సున్నా, పక్కన నోరు తెరిచిన తన మొహం, కింద 'కోటి రూపాయల వజ్రం??' అని రెండు ప్రశ్నార్థకాలు.

ఆ దగ్గర్లోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటింది చెక్కించి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. అంతే విషయం. ఈ సంగతి భేరి మోగించి పల్లెల్లో చాటాలని అధికారులకు ఆజ్ఞ కూడా అందులోనే ఉంది. అంటే గంట సంగతి ఆయనకూ తెలుసు. కాకపోతే తన మనుషులతో మోగించుకున్నాడు, మనల్ని నొక్కమని దేబిరించలేదు. ఒకచోట వరుసలు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. అల్గారిథం కోసం ఏవో ప్రయోగాలు చేసి ఉంటారు. మావాణ్ని తీసుకెళ్లి చూపించాను. బండ చుట్టూ ఒకసారి తిరిగి, "రీచ్ ఉండదు మామా" అన్నాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను.

ఉల్లి ధర పడిపోయిన రోజుల్లో కర్నూలు యార్డుకి నన్నూ తీసుకెళ్లాడు, మైకు పట్టుకోవడానికి. ఒక పెద్దాయన కోడుమూరు వైపు నుంచి సరుకు తెచ్చాడు. చెప్పిన ధర కోత కూలికి, బండి బాడుగకి కూడా చాలదు. కాసేపు అట్లే నిలబడి, ఒక గోతం మూతి విప్పి గేటు దగ్గర నేల మీద గుమ్మరించాడు. గడ్డలు దొర్లుతూ వచ్చి నా చెప్పులకు తగిలాయి. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. మావాడు దగ్గరికి పోయి అన్న మాట ఇది: "అన్నా, ఆడియో రాలేదు. ఇంకో గోతం పొయ్యండి."

ఆయన వీడి మొహం చూశాడు. "మల్లా పొయ్యాల్నా సామీ?" అన్నాడు. టీవీ వాళ్లమనుకున్నాడు, నలుగురికీ తెలుస్తుందనుకున్నాడు. ఇంకో గోతం తెచ్చి పోశాడు.

మైకు నా చేతిలో ఉంది. నేను దాన్ని కింద పెట్టలేదు.

'రైతన్న కన్నీళ్లు, చివరిదాకా చూడండి ఫ్యామిలీ' అని పెట్టాడు. ఆ ఒక్క దెబ్బతో 4,000 గంటలు దాటేశాడు. ఇప్పుడు ప్రకటనల డబ్బులో 55 శాతం వాడికి, 45 యూట్యూబ్‌కి. పెద్దాయన వాటా ఎంతరా? రెండో గోతం ఖరీదు ఎవడిస్తాడు? ఆయన పేరేమిటో అడిగావా? అడగలేదు. కెమెరా ముందు ఏడిస్తే కుటుంబం, వీడియో అయిపోతే ఎవడో! దీనికి నమ్మకమైన ప్రేక్షకుల్ని తయారు చేసుకోవడమని పేరు పెట్టి 2,999 వసూలు చేసినవాణ్ని ఆ ఉల్లి గుట్ట మీద కూర్చోబెట్టి, ఆడియో సరిగ్గా వచ్చేదాకా ఏడిపించాలి.

ఈ మాటలే వాడి ముందూ అన్నాను. "నెగెటివిటీ మామా" అన్నాడు. నెల రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు. మా అక్క ఫోనూ ఎత్తడు, షూటింగ్‌లో ఉంటాడట.

నిన్న వాళ్లింటికి పోతే అక్క తన ఫోన్ తెచ్చి, "ఈ గంట ఎట్ల నొక్కాల్రా?" అని అడిగింది.

"నీకెందుకక్కా?"

"అది మోగితే చూస్తే వాడు యాడున్నాడో తెలుస్తాదంట. రాత్రికి వాడి అన్నం ఉంచాల్నో, కుక్కకు పెట్టాల్నో తెలీకుంటే ఎట్ల?"

సబ్‌స్క్రైబ్ కొట్టి, గంట నొక్కి ఇచ్చాను. 11,401.