మహారాజశ్రీ ఆడియో పుస్తకం గారి సముఖానికి

ఓరుగల్లు, హన్మకొండ, కాజీపేట మూడూళ్ల చెవులు దండం పెట్టి రాసుకునే అర్జీ. మీరు క్షేమమని తలుస్తం. మా సంగతే జర బాగలేదు.

ముందుగాల మీ గొప్ప చెప్పుకోవాలె. కాజీపేటల రైలెక్కితే సికింద్రాబాద్‌కు 130 కిలోమీటర్ల పైనే. కూసునే జాగ దొరకకున్నా మీ పుణ్యాన సగం నవల ఒడుస్తది. అమెరికాల 1930లల్ల మిమ్ముల గ్రామఫోను రికార్డులకు ఎక్కించిందే చూపులేనోళ్ల కోసం. అసొంటి పుట్టుక పుట్టినోళ్లు మీరు. అందుకే మీతోని పంచాయితీ.

మీ కాడ చదివేటోళ్లు పుస్తకాన్ని ముందుగాల ఒక్కసారన్న చదువుకుంటరా? తెలుగుల వచ్చిన చిక్కేందంటే, మాట అయిపోయినంక గని అది ఎవలన్నరో, ఎట్లన్నరో తెల్వది. "ఎవరయ్యా అక్కడ, తలుపు తియ్యండి!" అని మీ కాడ చదివేటాయన గొంతు చించుకుంటడు. ఆ ఎనుకనే వస్తది: "అని ముసలమ్మ గొణిగింది." ఇగ చేసేదేముంది, ఆ గొణిగిందిని సుత అరిచే చదువుతడు. దీనికి మందు ఒక పెన్సిలు. వాక్యం మొదట్లనే పక్కకు "ముసలమ్మ, గొణుగుడు" అని రాసుకుంటే పాయె. చదువుల తప్పు దొర్లితే సుత ఆ ఒక్క మాటనే అతికించొద్దు. నాలుగైదు సెకన్లు ఎనుకకు తిప్పి, తన గొంతు తనే విని, వాక్యం మొదటి నుంచి అదే ఊపుల అందుకోవాలె. లేకుంటే పొద్దటి గొంతు నడుమ రాత్రి గొంతు అతుకు వేసినట్టు ఇనబడ్తది.

ఇగ మా భాష. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ ఒక్కరోజు మా పలుకుల మీద అందరికీ ప్రేమ పొంగుతది. పదో తారీఖు పొద్దుగాల మీ కథల మా మనిషి నోరు తెరిస్తే మళ్ల తాగినోడో, జోకరో అయితడు. "అచ్చిండు" అనే మాటకు వెటకారం అక్కెర లేదు, మామూలుగ పలికితే చాలు. "ఎటువోతున్నవ్" అనేది మాకు ఒకటే మాట, పకారం వకారమై అతుక్కపోయింది. దాన్ని "ఎటు", ఒక ఊపిరి, "పోతున్నవు" అని ఇడగొడితే సగం ప్రాణం పోతది. మహబూబాబాద్ మాకు మానుకోట, ఐనవోలు మల్లన్న మాకు ఐలోని మల్లన్న. పుస్తకంల ఇసొంటి పేరొస్తే ఈ దిక్కు మనిషిని ఒకల్ని అడుగుండ్రి. ఫోను ఖర్సు మేమే పెట్టుకుంటం.

మనిషే వద్దనుకొని యంత్రం గొంతును దించితే ఇంకో తమాషా. చాప మీద కూసునే చ వేరు, శివుని చాపంల చ వేరు. రాతల తేడా లేదు, నోట్ల ఉన్నది. యంత్రానికి రెండూ ఒకటే, అది పల్లెటూరి ఇంట్ల సుత శివధనుస్సునే పరుస్తది. 1969 ఉద్యమాన్ని "ఒకటి తొమ్మిది ఆరు తొమ్మిది" అని చదివితే, అది ఉద్యమమో ఫోను నంబరో ఎరుకకాదు.

రికార్డింగు సంగతికొస్తే, ఆడియో పుస్తకాలమ్మే ఆడిబుల్ కంపెనీ లెక్క ఒకటున్నది (అండ్ల సున్నా అంటే రికార్డు పట్టే ఆఖరి హద్దు): గది సప్పుడు మైనస్ 60 డెసిబెల్స్‌కు మించొద్దు, సగటు గొంతు మైనస్ 23కు, మైనస్ 18కి నడుమ ఉండాలె, ఎంత గట్టిగ అరిచినా మైనస్ 3 దాటొద్దు. మైకు నోటికి జానెడు దూరంల, సూటిగ గాకుండ జర పక్కకు పెట్టాలె. లేకుంటే "భద్రకాళి" అన్నప్పుడల్ల మా చెవుల డోలు దెబ్బ పడ్తది. ఉత్త గోడల గదిల చదివితే బాయిల నుంచి మాట్లాడినట్టుంటది, చుట్టూర నాలుగు బొంతలు ఏలాడదీస్తే ఆ గూంజుడు తగ్గుతది. మే నెలల ఫ్యాను బందు చేస్తే పానం పోతదని మాకూ ఎరుకే. అందుకని ఫ్యాను తిప్పుకుంటనే చదివి, తర్వాత సాఫ్ట్‌వేరు పెట్టి ఆ సప్పుడు గీకేస్తే ఏమైతది? తెలుగు మాట అచ్చుతోని ఒడుస్తది, ఆఖరి "ఉ" మెల్లగ పలుకుతది. ఆ గీకుడుల సప్పుడు కన్న ముందు అదే పోతది. "మందు" కాస్త "మంద్" అయితది.

హ్యారీ పోటర్‌ను బ్రిటన్‌ల స్టీఫెన్ ఫ్రై చదివిండు, అమెరికాల జిమ్ డేల్ చదివిండు. ఎవలు మేలని జనం ఇప్పటికీ కొట్లాడుకుంటనే ఉన్నరు. డేల్ ఒక్క భాగంలనే వందకు పైగ గొంతులు మార్చిండు. మా ఓటు ఫ్రైకే. ఆయన గొంతు మార్చుడు తక్కువ, నడక మార్చుడు ఎక్కువ. మీ కాడ చదివే మొగోళ్లు ఆడమనిషి మాట రాంగనే సన్న గొంతు పెడ్తరు, చెవుల దోమ దూరినట్టుంటది. గొంతు పెంచకుండ, జర మెత్తగ పలికితే సాలు. మా జనగామ దిక్కు చుక్క సత్తయ్య ఒగ్గు కథ చెప్తే రాజు, రాణి, కాపరి అందరూ ఒక్క మనిషిల నుంచే దిగేది. మీ స్టూడియోలల్ల ఆ రికార్డులు ఒకసారి పెట్టుకొని ఇనుండ్రి.

మీరు మరీ నిమ్మలంగ చదివితే మేము వేగం 1.5కు పెడ్తం. తప్పు మాదే అనుకోండ్రి. కని గా వేగంల ఒత్తులు అరిగిపోతయి, ఎద్దు గడ్డి మేసుడు ఇడిసి దొర గడి మేస్తది. మధ్యల వేణువు వాయించుడు ఆపుండ్రి. పండుకునేటప్పుడు ఇనేటోళ్లు ఉంటరు, అధ్యాయం ఒడవంగనే సంగీతం ధన్‌మని లేస్తే ఇల్లంత లేస్తది. మూడు గంటల కథను ఒకటే ముక్క చేసి పెడ్తే, నిద్రపోయిన కాడికి మళ్ల ఎట్ల పోవాలె? మంచిగ చదివినామె పేరును ఆఖరుకు ఆ సంగీతంల ముంచుడు ఇంకో అన్యాలం.

ఇట్లు,
మూడూళ్ల చెవులు

తా.క.: ఈ అర్జీని యంత్రంతోని చదివిపిచ్చుకునేటట్టయితే, పైన ఉన్నది "తాక" గాదు, తాజా కలం.