ఆధార్ జిరాక్స్‌కు నెల్లూరు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఆధార్ జిరాక్స్ కాపీ గారికి,

నమస్కారం. మీరు అనాలో నువ్వు అనాలో చాలాసేపు తేల్చుకోలేకపోయాను. మొహం నాదే కాబట్టి నువ్వనే అంటున్నా, ఏమీ అనుకోవద్దు.

పోయిన ఆదివారం మైపాడు బీచ్‌లో నిన్ను చూశాను. నిన్నంటే నిన్నే కాదు, మీ వంశంలో ఒకర్ని. ఇరవై రూపాయలిచ్చి ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నాను. పొట్లం సగం ఖాళీ అయ్యేసరికి అడుగున ఒకావిడ కనిపించింది. జిరాక్సులో అందరి మొహాలూ బొగ్గుతో గీసినట్టుంటాయి కదా, అట్లాగే ఉంది. తడికి చెంప దగ్గర కాగితం నాని చిరిగింది గానీ, కిందున్న పన్నెండు అంకెలు మాత్రం ఒక్కటీ చెదరలేదు. పక్కనే భర్త పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు. అడ్డంగా పెన్నుతో గీత గీసి, 'సిమ్ కార్డు కోసం మాత్రమే' అని రాసి సంతకం పెట్టి ఉంది. ఎంత జాగ్రత్త మనిషో! చెనక్కాయల సంగతి ఆమెకేం తెలుసు పాపం.

అమ్మే అవ్వను అడిగాను. "పాత కాగితాలు నాయనా, స్టోన్‌హౌస్‌పేటలో కేజీల్లెక్కన తెచ్చుకుంటాం. పేపరైతే తడికి చినిగిపోతాది, ఇదైతే గట్టిగుంటాది" అంది. అంటే న్యూస్‌పేపర్ని కూడా ఓడించేశావన్నమాట.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. నిన్ను నేను ఎక్కడెక్కడ వదిలొచ్చాను? గ్యాస్ ఏజెన్సీలో, అద్దె ఇంటి ఓనరు దగ్గర, బైకు ఫైనాన్స్‌లో రెండు సెట్లు, తిరుపతిలో లాడ్జీలో, అమ్మాయి కాలేజీ అడ్మిషన్‌లో మూడు సెట్లు, మా బావమరిది పెళ్ళికి కల్యాణ మండపం బుక్ చేసినప్పుడు ఒకటి. పెళ్ళి వాడిది, మండపం వాళ్ళది, మధ్యలో నా ఆధార్ ఎందుకు? అడగలేదు. ఎవరూ అడగరు. అడిగితే వెనక క్యూలో ఉన్నాయన "ఏందబ్బా, ఇచ్చేస్తే పోలా!" అంటాడని టెన్షన్.

నీ పుట్టిల్లు కూడా ఒకసారి చెప్పుకోవాలి. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ కొట్టు. ఈ మధ్య అసలు కార్డు ఇవ్వక్కర్లేదు, వాట్సాప్‌లో పెడితే చాలు. మొన్న నేను ఫోను తీసేలోపే కొట్టు కుర్రాడు, "పాతది ఉండాది నా, మళ్ళీ పెట్టబన్లేదు" అని డౌన్‌లోడ్స్ తెరిచాడు. మౌసు చక్రం తిప్పుతూనే ఉన్నాడు. ఎవరివో పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, టెన్త్ మార్కుల లిస్టులు, ఒకాయన స్కానింగ్ రిపోర్టు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ, ఆ తర్వాత నేను. 2021 నుంచీ అక్కడే ఉన్నానట. వెనకున్న ఇద్దరు కూడా నాతోపాటే ఆ ఊరేగింపంతా చూశారు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు కోపం రాలేదు. గుర్తుపెట్టుకున్నాడే అని సంతోషమేసింది.

చెనక్కాయల తర్వాత బుద్ధొచ్చి, మొదటి ఎనిమిది అంకెలు దాచేసే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఒక ఆఫీసుకు తీసుకెళ్ళాను. కౌంటర్లో ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "నంబరు పళ్ళేదే సార్, ఇంకు అయిపోయిందా?" అన్నాడు.

"కాదండీ, చివరి నాలుగే కనపడతాయి. ఆధార్ వాళ్ళే అట్లా ఇస్తారు."

"ఇట్లాంటివి మేం తీసుకోం. మంచిది తెచ్చుకోండి."

"అంత నంబరు దేనికండీ మీకు?"

"ఫైల్లో పెట్టాల."

"పెట్టి?"

"ఫైల్లో ఉంటాది."

ఉంటుంది మరి, చెనక్కాయల సీజన్ వచ్చేదాకా.

నిన్ను ఆపాలని ఎవరూ చూడలేదని కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్కమాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, సిమ్ముకూ బ్యాంకు ఖాతాకూ ఆధార్ తప్పనిసరి కాదన్నారు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసే, ఎక్కడబడితే అక్కడ జిరాక్సులు ఇవ్వొద్దు, దుర్వినియోగం చేస్తారు, మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి అని ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకుంటున్నారని రెండు రోజులకే ఆ ప్రకటనను వెనక్కి తీసేసుకున్నారు. రాముడికి పద్నాలుగేళ్ళు, నీకు రెండు రోజులు. ఎంత పలుకుబడయ్యా నీది!

"మనదేముంది నా, దాచుకునేదానికి?" అంటారు మావాళ్ళు. వింజమూరు వైపు పల్లెలో ఉండే మా పిన్నమ్మా అదే అనేది. ఓ రోజు పాస్‌బుక్కు ఎంట్రీ వేయిస్తే, ఆమె ఎన్నడూ వెళ్ళని ఊళ్ళో వేలిముద్ర వేసి పదివేలు తీసినట్టుంది. ఆధార్ మిషను మీద డబ్బు తీయాలంటే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ కూడా అడగదు. నంబరు మోసుకుపోవడానికి నువ్వున్నావు. ఇక వేలిముద్రంటావా, 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఆన్‌లైన్లో దొరికిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేశాడు. మా పిన్నమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె కుడిచెయ్యి పైకెత్తి, తిప్పి తిప్పి చూసుకుని, "నా వేలు నా దగ్గరే ఉండాదే" అంది.

ఇక చట్టం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు మెడకు పడటానికి 18 నెలల గడువిచ్చారు. డేటాను భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది. మా జిరాక్స్ కుర్రాడు కాపీకి రెండు రూపాయలు తీసుకుంటాడు. ఆ జరిమానా కట్టాలంటే 125 కోట్ల కాపీలు తీయాలి, దేశంలో దాదాపు మనిషికొకటి. మనవాళ్ళ ఊపు చూస్తే అదేం పెద్ద కష్టం కాదనుకో.

నీ అదృష్టం చూడు. ఆ చట్టం డిజిటల్ డేటాకు వర్తిస్తుంది. కాగితం మీద తీసుకున్నా, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కిస్తే వర్తిస్తుంది. వట్టి కాగితంగా పుట్టి, ఫైల్లో నిద్రపోయి, కాగితంగానే పొట్లమైపోతే నువ్వు దాని లెక్కలోకే రావు. కంప్యూటర్ చుట్టూ కోట కట్టారు. నువ్వేమో గోనెసంచిలో కూచుని, ఆటోలో స్టోన్‌హౌస్‌పేట పోతున్నావు.

ఆ బీచ్ కాగితాన్ని అక్కడ పారేయడానికి మనసొప్పలేదు. చింపేద్దామంటే ఎవరి మొహమో చింపినట్టుంటుంది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మర్చిపోయాను. సోమవారం బట్టలు నానబెట్టేటప్పుడు మా ఆవిడ చేతికి దొరికింది. ఎవరో ఒకావిడ ఫొటో, అడ్రసుతో సహా, సంతకంతో సహా. చెనక్కాయల పొట్లంలో వచ్చిందని చెప్పాను. అట్లాంటి కథ ఎవరైనా నమ్ముతారా? మూడు రోజులుగా ఇంట్లో నా కాఫీ నేనే కలుపుకుంటున్నాను.

కనీసం ఈ విషయంలోనైనా నా తరఫున ఒక మాట చెప్పగలవేమోనని ఈ ఉత్తరం. దానికి సెల్ఫ్ అటెస్టేషన్ కావాలంటే చేసిస్తాను.

ఇట్లు,
నీ ఒరిజినల్

జతపరచినవి: ఏమీ లేవు.